పందిని కాల్చేటోళ్ల చేతుల ముందు మూడు కర్రలు ఉండాలె

సంపాదకుల వారికి నమస్కారం,

అడివి పందులు పల్లి చేన్లు, మక్క చేన్లు తవ్విపోసినయ్ అనే వార్త జిల్లా పేజీల కనపడని వారం ఉండదు, నష్టపరిహారం గురించి రాస్తున్నరు, కంచెకు కరెంటు పెడితే మనుషులే సచ్చిపోతున్న ముచ్చట రాస్తున్నరు, అన్నీ రాయాల్సినవే. కానీ పర్మిషన్ తీసుకొని పందుల్ని కాల్చనీకి వచ్చే షూటర్లు గన్ను ఎట్ల పడుతున్నరు, దేని మీద ఆనిచ్చి కాలుస్తున్నరు, తగలని గుండు యాడికి పోతున్నది, ఇది మాత్రం ఎవ్వరు అడుగుతలేరు. నేను ఫౌజ్‌ల పన్జేసి రిటైరై వచ్చి అచ్చంపేట దిక్కు ఎవుసం చేసుకుంటున్న, యాసంగిల పల్లి ఏస్త, వానకాలం మక్క, కొంచెం పత్తి. గన్ను సంగతి ఎరుక ఉన్నోన్ని గాబట్టి రాస్తున్న. నేను అడిగేది ఒక్కటే, షూటింగ్ స్టిక్స్ అంటరు గదా, గన్ను ఆనిచ్చుకునే కర్రల స్టాండ్, అది లేకుండ ఒక్క షూటర్‌ని గూడ రాత్రిపూట చేన్లకు రానియ్యొద్దు, పర్మిషన్ కాగితం మీదనే ఈ షరతు రాయాలె.

ముందుగాల ఒక మాట సాఫ్‌గ చెప్త, ఇది వేట నేర్పే ఉత్తరం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం వేట బంద్, సరదాకు గానీ కూరకు గానీ ఎవ్వరు కాల్చొద్దు, అది మంచి చట్టమే. 11వ సెక్షన్ల మాత్రం ఒక దారి పెట్టిండ్రు, మనుషుల పానానికి గానీ చేన్ల ఉన్న పంటకు గానీ ముప్పు చేసే జంతువైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ అధికారం ఉన్న ఆఫీసర్ గానీ కారణం చూపెట్టి రాతపూర్వకంగ పర్మిషన్ ఇయ్యొచ్చు. అడివి పంది ఇదివరకు ఆ చట్టంల ఉన్న జంతువుల జాబితాల్ల షెడ్యూల్ 3ల ఉండె, 2022 సవరణతోని షెడ్యూల్ 2లకు వచ్చింది, అయినా ఈ పర్మిషన్ దానికి వర్తిస్తది. అట్ల కాల్చిన పంది గూడ 39వ సెక్షన్ ప్రకారం సర్కారు ఆస్తి, ఎత్తుకపోయి వండుకుంటమంటే కేసే అయితది. ఇగ మా ఊర్లకు ఇంకో సంగతి ఉంది, పక్కనే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, నాగర్‌కర్నూల్ నల్లగొండ రెండు జిల్లాల్ల కలిపి 2,600 చదరపు కిలోమీటర్ల పైన ఉంటది, మస్తు చేన్లకు గెట్టు దాటితే అడివే. ఆ అవతల చెంచుల పెంటలు (గూడేలు) ఉంటయి, పులులుంటయి, జింకలుంటయి. అందుకే ఇడిసిన గుండు మన చేన్ల మట్టిల్నే ఆగాలె.

పోయిన చలికాలం మా పక్క ఊర్లె ఏమైందో చెప్త, ఎవరి పేరు రాయను. కాగితం ఉంది, లైసెన్స్ ఉంది, 315 బోర్ రైఫిల్ ఉంది, అన్నీ కరెక్టే. వచ్చినాయన జీప్ దిగి రోడ్డు మీదనే నిలబడి, గన్నును ఉత్త చేతుల మీద ఎత్తి టార్చ్ ఎలుగుల మూడు సార్లు కాల్చిండు. ఒకటి పంది ఎనక తొంటికి తగిలింది, తక్కిన రెండు ఏడబోయినయో దేవునికే ఎరుక, ఆ దిక్కున బాయికాడ మోటర్ పెట్టనీకి పోయినోళ్లు ఉన్నరా లేరా అని గూడ అడగలె. దెబ్బ తాకిన పంది పత్తి చేన్ల దూరింది, రాత్రి ఎతకలేదు, "సచ్చిపోతది తియ్" అని ఎల్లిపోయిండు. తెల్లారి పత్తి ఏరనీకి పోయిన ఆడోళ్ల మీదికి అదే పంది వచ్చింది, ఒకామెకు తొడ చీరింది, కుట్లు పడ్డయ్, కూలి పోయింది, దవాఖాన ఖర్చు ఆమెనే పెట్టుకుంది. ఇక్కడ తప్పు పందిదంటమా? దెబ్బ తగలకముందు ఆ పంది పంట తినేదే గానీ మనుషుల మీదికి వచ్చేది కాదు, సగం దెబ్బ కొట్టి ఇడిసిపెట్టినంకనే అది మనిషికి ఎదురు తిరిగింది.

ఇది నిశాన సరిగ్గ లేక కాదు, ఆసరా లేక. లెక్క చాలా సాదా, రైఫిల్ బట్టు (భుజానికి ఆనిచ్చే ఎనక భాగం) కెల్లి మూతి దాకా దగ్గర దగ్గర ఒక మీటర్ పొడుగు ఉంటది, మూతి కాడ ఒక్క మిల్లీమీటర్ కదిలితే 50 మీటర్ల కాడ గుండు 5 సెంటీమీటర్లు పక్కకు పోతది, 100 మీటర్ల కాడ 10 సెంటీమీటర్లు. నిలబడి ఉత్త చేతుల మీద పట్టుకున్నోని మూతి మిల్లీమీటర్ కాదు, అంతకు ఎన్నో రెట్లు ఊగుతది, గట్లు దాటి ఉరికొచ్చి ఆయాసపడుకుంట పట్టినోనిదైతే ఇగ చెప్పనే అక్కరలేదు. పంది గుండె, ఊపిరితిత్తులు ఉన్న జాగ అంతా కలిపితే జానెడుకు కొంచెం ఎక్కువ, అంతే. దాని బయట ఏడ తగిలినా అది ఉరుకుతది, ఎక్కడనో పొదల పడి నరకపడి సస్తది, లేకపోతే పైన చెప్పినట్టయితది.

కొందరు షూటర్లు దీన్ని నామోషీ అనుకుంటరు, "నిశాన ఉన్నోనికి కర్రలెందుకే, ఒలింపిక్స్‌ల నిలబడే గదా కాలుస్తరు" అంటరు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌ల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌ల కాంస్యం తెచ్చిండు, ఆసరా లేకుండ నిలబడే తెచ్చిండు, మనందరికి గర్వమే. కానీ ఆ ఆటల ఒంటి మీద బిగుతు జాకెట్ ఉంటది, కాళ్లకు అడుగు సదురుగ ఉండే బూట్లుంటయి, హాల్‌ల గాలి కొట్టదు, లైటు మంచిగుంటది, టార్గెట్ తన జాగల తాను ఉంటది, తప్పితే పాయింట్ పోతది గానీ పానం పోదు. చేన్ల ఇవేవి ఉండవు. ఫౌజ్‌ల మాకు మొదాలు నేర్పిందే పండుకొని, ఇసుక సంచి మీద ఆనిచ్చి కాలుసుడు, నిలబడి కాలుసుడు అన్నిటికన్న కష్టం. అయితే పల్లి చేన్ల పండుకుంటే ముందట ఆకు తప్ప ఏం కనపడదు, మక్క చేన్ల అంచుకైతే కూసున్నా కనపడదు, అందుకే నిలబడి ఆనిచ్చుకునే సామాను కావాలె, అదే ఈ కర్రలు.

ఇది కొత్త సంగతేం కాదు. 1870లల్ల అమెరికాల బైసన్లను కాల్చేటోళ్లు రెండు కర్రలు అడ్డంగ కట్టుకొని కూసోని వాటి మీద బరువు రైఫిల్ పెట్టి కాల్చేటోళ్లు (వాళ్లు చేసిన పని ఘోరం, ఆ జాతినే తుడిచిపెట్టిన లెక్క, కానీ కర్రల కిటుకు మాత్రం వాళ్లకు మంచిగ ఎరుక). ఆఫ్రికాల ముందట నడిచే గైడ్ మూడు కర్రలు భుజాన ఏసుకొని పోయి టైంకు నిలబెడ్తడు. బ్రిటన్‌ల జింకలు ఎక్కువై వాటిని తగ్గించే డ్యూటీ చేసేటోళ్లు నాలుగు కాళ్లది వాడుతరు, దాంట్ల గన్ను ముందు ఒక కాడ, ఎనక ఒక కాడ రెండు జాగల్ల ఆనుతది కాబట్టి ఊగుడు చాలా తక్కువ. అల్యూమినియంవి, కార్బన్ ఫైబర్‌వి దుకాణాల్ల దొరుకుతయి, మీట నొక్కితే కాళ్లు పొడుగు పొట్టి అయ్యేవి గూడ ఉన్నయ్, డబ్బులున్నోళ్లు కొనుక్కోవచ్చు. మా అసొంటోళ్లకు వెదురు చాలు.

వెదురు అడివిల కొట్టొద్దు, అంగట్ల మేదరోళ్ల కాడ కొనుక్కోవాలె. బొటనవేలు కన్న కొంచెం లావువి, వంకర లేనివి, మంచిగ ఎండినవి, మనిషి ఎత్తువి మూడు. కణుపులు కత్తితోని నున్నగ చెక్కాలె, లేకుంటే చీకట్ల అంగీకి తట్టుకుంటయి. మూడింటిని దగ్గరికి పట్టి పై కొస కెల్లి 15 సెంటీమీటర్లు కిందికి పాత సైకిల్ ట్యూబ్ పట్టీ కోసి కట్టాలె. అసలు పని ఈడనే ఉంది. బిర్రుగ చుట్టి ముడేస్తే కాళ్లు తెరుసుకోవు, బలవంతంగ తెరిస్తే వెదురు చీలుతది, మరీ వదులు చేస్తే గన్ను బరువుకు స్టాండ్ కుంగుతది. ట్యూబ్‌ను సగం సాగదీసి పట్టుకొని ఒక కర్ర మీదికెల్లి, రెండోదాని కిందికెల్లి, మూడోదాని మీదికెల్లి జడ అల్లినట్టు అల్లుకుంట పోయి చివరికి ముడెయ్యాలె, అప్పుడు కాళ్లు తెరిస్తే రబ్బర్ సాగుతది, మూస్తే దానంతటదే దగ్గరికి గుంజుకుంటది. కాళ్లు తెరిసినప్పుడు పైన మిగిలిన మూడు కొసలు గూడ విడిపోయి మధ్యల సందు అయితది, గన్ను కూసునేది ఆ సందులనే. ఆ కొసలకు గూడ ట్యూబ్ చుట్టాలె, కట్టె ఇనుము తాకి టక్కుమన్నదంటే పంది ఆడ ఉండదు, పైగ ఉత్త వెదురు మీద గన్ను జారుతది. కింది కొసలకు మా చల్క నేలల రాళ్లుంటయి కాబట్టి పాత చెప్పు రబ్బర్ కట్టుకుంటే మంచిది, దేవరకొండ దిక్కు నల్లరేగడి ఉన్నోళ్లు రబ్బర్ లేకుండ మొన చెక్కుకుంటే తడి మట్టిల దిగి నిలబడ్తది.

ఇగ నిలబెట్టుడు. కర్రలు పెడుతున్నంత సేపు గన్ను స్లింగ్‌తోని భుజానికే ఉండాలె, చాంబర్ (గన్నుల గుండు కూసునే జాగ) ఖాళీ ఉండాలె, గన్ను మూతి మనిషి దిక్కు తిరగొద్దు. కాళ్లు దూరం జరిపితే ఎత్తు తగ్గుతది, దగ్గరికి తెస్తే పెరుగుతది, దానికి వేరే స్క్రూలు అక్కరలేదు. సరైన ఎత్తు ఎట్ల ఎరుకైతదంటే, మామూలుగ నిలబడి గన్ను బట్టు భుజానికి పెట్టుకుంటే చెంప దానంతటదే గన్ను కట్టె మీద ఆనాలె, స్కోప్ కండ్ల ముందటికి రావాలె. మెడ వంచి గన్ను కాడికి పోతున్నరంటే స్టాండ్ కిందికి ఉన్నట్టు, మడిమెలు లేస్తున్నయంటే మీదికి ఉన్నట్టు, రెండిట్ల ఏదైనా కాళ్లు వొణుకుతయి. ఎడమ కాలు కొంచెం ముందట, మోకాళ్లు బిగపట్టకుండ, ఒళ్లు కొంచెం ముందుకు ఒరిగి బరువు కర్రల మీద పడాలె, అందుకే కాళ్లు చాలినంత వెడల్పు ఉండాలె, లేకపోతే మనిషి, గన్ను, కర్రలు అన్నీ ముందుకు పడ్తయి. వాలు మీదైతే కాలు కాలు సర్ది, చేత్తోని అదిమి చూసి, ఊగనప్పుడే గన్ను పెట్టాలె.

మస్తు మంది చేసే తప్పు ఇంకోటి, బ్యారెల్‌నే తీసుకపోయి కర్రల మీద పెడ్తరు. పెట్టొద్దు. బ్యారెల్ దేనికన్న ఆనితే కాల్చినప్పుడు అదిరే తీరు మారుతది, రేంజ్‌ల జీరో చేసుకున్న (నిశాన పెట్టిన కాడనే గుండు పడేటట్టు సర్దుకున్న) లెక్క తప్పుతది, గుండు వేరే జాగకు పోతది. ఆనాల్సింది గన్ను ముందరి కట్టె (బ్యారెల్ కింద చెయ్యి పట్టే జాగ), అది గూడ ఉత్తగ పెట్టి ఇడవద్దు, ఎడమ చేతితోని కర్రల మెడను, ఆ కట్టెను కలిపి పిడికిలి పట్టాలె, లేదంటే దెబ్బకు గన్ను ఎగురుతది, రెండో గుండు అవసరం పడితే మళ్ల మొదటికెల్లి ఎతుక్కోవాలె. కుడి మోచేయి గాల్ల ఉంటదే, మిగిలిన ఊగుడంత అక్కడికెల్లే వస్తది, దాన్ని పక్కటెముకలకు ఒత్తిపట్టాలె, ఇంకో పొడుగు కర్ర ఉంటే బట్టు కింద పెట్టుకున్నా ఫరక్ కనపడ్తది. గురి పెట్టినంక ఒకసారి కండ్లు మూసి తెరవాలె, నిశాన పక్కకు పోయిందంటే చేతులతోని గుంజొద్దు, పాదాలు జరపాలె, ఎందుకంటే చేతులతోని గుంజిపట్టినది ట్రిగ్గర్ నొక్కంగనే ఎనకకు పోతది. సగం ఊపిరి ఇడిసి, ఆగి, ట్రిగ్గర్ మెల్లగ నొక్కాలె, పేలినంక గూడ చెంప తియ్యొద్దు.

పంది విషయంల ఇంకో సంగతి ఉంది, మగ పంది ఈపు మీద ఎంట్రుకలు నిక్కబొడుసుకొని ఉంటయి, చీకట్ల చూసినోనికి ఈపు ఉన్నదానికన్న మీద ఉన్నట్టు అనిపిస్తది, గుండు మీదికెల్లి పోతది. గుండె కిందికి ఉంటది, ముందటి కాలు మోచెయ్యి ఎనక, ఛాతిల కింది మూడో వంతుల. భుజం మీద మందంగ గట్టి కవచం ఉంటది గాబట్టి చిన్న బోర్‌లతోని ప్రయోగాలు చెయ్యొద్దు. పంది పక్కకు తిరిగి నిలబడితేనే కాల్చాలె, ఉరికేదాన్ని, గుంపుల ఉన్నదాన్ని, ఎనక పిల్లలు నడుస్తున్నదాన్ని కాల్చొద్దు. కర్రల వల్ల అసలు లాభం గదే, ఆసరా ఉన్నోడు ఆగగలడు, చేతులు గుంజుతలేవు గాబట్టి పంది తిరిగేదాక సూసుకుంట నిలబడ్తడు, ఉత్త చేతుల మీద పట్టినోడు గన్ను బరువుకు తట్టుకోలేక తొందరపడి ఇడుస్తడు.

పంది ఎనక ఏముందో సూడకుండ మాత్రం ఎంత మంచి స్టాండ్ అయినా పనికిరాదు. రైఫిల్ గుండు కిలోమీటర్లు పోతది, సదురు చేన్ల నిలబడి సదురుగ కాలిస్తే ఆపేదేం ఉండదు, గట్టు గానీ చెరువు కట్ట గానీ ఎనక ఉండాలె. అన్నిటికన్న మంచిది మంచె, మీదికెల్లి కిందికి కాలిస్తే గుండు మట్టిల దిగుతది, మంచె మీద అడ్డం కట్టెకు ఇసుక సంచి కట్టుకుంటే అదే స్టాండ్. మా తాతల కాలం కెల్లి మంచెలు కావలికి ఉన్నయ్, వాటిని మళ్ల కట్టాలె.

మా దిక్కు లైసెన్స్ ఉన్న రైతుల కాడ ఎక్కువ శాతం 12 బోర్ గన్నులే (ఒక్క దెబ్బకు చిన్న గుళ్లు మస్తు ఇడిసేవి), కొందరి కాడ నోటికెల్లి మందు నింపేవి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ల పంట కాపాడుకోనీకి నోటి మందు తుపాకికి లైసెన్స్ ఇచ్చే ముచ్చట ఉండనే ఉంది, అట్లని ఆ లైసెన్స్ ఉంటే పందిని కాల్చొచ్చని కాదు, వన్యప్రాణి పర్మిషన్ వేరే కావాలె, ఇది మస్తు మందికి తెల్వదు. 12 బోర్‌కు కర్రలు అక్కరలేదంటరు, నేను ఒప్పుకోను. గుళ్లు చెదిరిపోతయి గాబట్టి దగ్గరికి, ముప్పై నలభై అడుగులేసే దూరానికి రానిచ్చి కాల్చాలె, అప్పటిదాక ఊగకుండ పట్టనీకి కర్రలే దిక్కు. ఎలక్షన్లప్పుడు గన్నులు స్టేషన్‌ల డిపాజిట్ చేపిస్తరు, ఆ నెలల్ల పల్లి ఊడే టైం అయితే రైతు ఉత్త చేతులతోనే కావలి ఉంటడు, దాని మీద గూడ ఎవరన్న ఆలోచించాలె.

కాలుసుడు ఒక్కటే దారి అని గూడ నేను అనను. పల్లి చేను చుట్టు నాలుగు సాళ్లు కుసుమ ఏస్తే ముండ్లకు పందులు లోపలికి రావనీకి ఎనకాడుతయి, మక్కకు చుట్టు ఆముదం, ఇవి వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పినవే, మేం చేసి చూసినం, కొంత ఆపుతయి. పాత చీరెలు కట్టుడు కొన్ని రోజులే పన్జేస్తది. కరెంటు తీగ మాత్రం ఎవ్వరు పెట్టొద్దు, దండం పెట్టి చెప్తున్న.

అందుకే అటవీ శాఖ, పోలీసు శాఖ, జిల్లా కలెక్టర్లకు మీ పేపర్ ద్వారా అడుగుతున్న. షూటర్ల లిస్ట్ తయారు చేసేటప్పుడు లైసెన్స్ జిరాక్స్ సూసి సంతకం పెట్టుడు బంద్ చెయ్యండి, పోలీస్ ఫైరింగ్ రేంజ్‌ల ఒక పూట పిలిచి, కర్రలు వాళ్లతోనే నిలబెట్టించి, 50 మీటర్లు, 100 మీటర్ల కాడ జానెడు టార్గెట్ మీద కాల్చిపియ్యండి, గుండు దాంట్ల పడనోళ్ల పేరు తీసెయ్యండి. చేన్లకు వచ్చినప్పుడు బీట్ ఆఫీసర్ గానీ పంచాయతీ కార్యదర్శి గానీ పొద్దుగూకక ముందే షూటర్‌ని తీసుకపోయి కర్రలు పెట్టే జాగ, ఎనక గట్టు, ఆ దిక్కున బాయిలు, గొర్ల మందలు, గుడిసెలు అన్నీ చూపెట్టాలె, ఆ రాత్రి ఆ దిక్కు ఎవ్వరు పోవద్దని డప్పు కొట్టించాలె. దెబ్బ తిన్న పందిని ఎతికి పని పూర్తి చేసేదాక షూటర్ ఊరు దాటొద్దు, దాటితే పర్మిషన్ క్యాన్సిల్ చెయ్యాలె, దెబ్బ తగిలిన మనిషి దవాఖాన ఖర్చు ఎవరు పెట్టుకోవాలెనో గూడ ఆ కాగితం మీదనే రాయాలె. వెదురు కర్రలు, పాత ట్యూబ్, దీనికి సర్కారు బడ్జెట్ ఏం అక్కరలేదు, ప్రతి పంచాయతీ ఆఫీస్‌ల ఒక సెట్టు పెట్టుకోవచ్చు. నేర్పే మనిషి కావాలంటే మా మండలంల రిటైరైన ఫౌజీలం ఉన్నం, పైసలు అడగం, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తం, యాసంగి పల్లి ఊడలు దిగకముందే పిలిస్తే ఈసారి పంటకే పనికొస్తది.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు, పల్లి రైతు,
అచ్చంపేట మండలం, నాగర్‌కర్నూల్ జిల్లా